విక్టోరియా రాణి కార్యదర్శి జనరల్ చార్లెస్ గ్రే

మారిషస్ ద్వీపమునకు తెలుగువారు వలసవచ్చిన చరిత్రతో ఇంగ్లండులోని గ్రే ప్రభువంశమునకు సంబంధము కలదు. ఆ వంశమున జన్మించి సైనికుడుగా, పార్లమెంటు సభ్యుడుగా, రాజసేవకుడుగా పేరొందిన జనరల్ చార్లెస్ గ్రే జీవితము తెలిసికొనదగినది.

చార్లెస్ 1804వ సంవత్సరము మార్చి 15వ తేదీన జన్మించెను. 1820లో సైన్యమున చేరి, 1833 నాటికి 71వ పదాతి దళమునకు లెఫ్టినెంట్ కర్నల్ అయ్యెను. ఆయన తండ్రి రెండవ ఎర్ల్ గ్రే 1830 నుండి 1834 వరకు బ్రిటన్ ప్రధానమంత్రి. ఆ కాలమున చార్లెస్ తండ్రికి ఆంతరంగిక కార్యదర్శిగా కూడ పనిచేసెను.

ఆ ప్రభుత్వమే 1833లో బానిసత్వమును రద్దుచేయు శాసనము చేసెను. యజమానులకు రెండు కోట్ల పౌనుల పరిహారము నిర్ణయింపబడెను. బానిసలకు ఒక్క కాసైనను దక్కలేదు. పైగా వారిలో పెక్కుమంది మరికొన్ని ఏండ్లు పాత యజమానుల వద్దనే ఊడిగము చేయవలసివచ్చెను. వెంటనే పూర్ణ విముక్తి నీయవలెనని కోరిన చార్లెస్ అన్న హెన్రీ తన పదవిని త్యజించెను. 1835 ఫిబ్రవరి 1న ఆ శాసనము మారిషస్‌లో అమలునకు వచ్చెను. అంతకు ముందు ఏడాదియే చెరకుతోటల యజమానులు భారతదేశమునుండి కూలీలను తెప్పించుట మొదలిడిరి. కాలక్రమమున కోరంగి, మద్రాసు రేవులనుండి తెలుగువారును ఓడలెక్కి ఆ తోటలకు చేరిరి. ఆ హెన్రీయే 1846 నుండి 1852 వరకు వలసరాజ్యముల మంత్రి. 1836లో చార్లెస్ వివాహమాడిన కరోలిన్, మారిషస్ మొదటి బ్రిటిష్ గవర్నరు సర్ రాబర్ట్ ఫార్క్వర్‌కు అన్నకుమార్తె.

చార్లెస్ 1832లో వైకోంబ్ ఉపఎన్నికలో నిలిచి 20 ఓట్లు పొందెను. 12 ఓట్లతో ఓడిన ప్రత్యర్థి బెంజమిన్ డిజ్రేలీ. చార్లెస్ 1837 వరకు సభ్యుడుగా ఉండి, పిదప రాజపరివారమున కొలువు చేసెను. 1849లో రాణి భర్త ఆల్బర్ట్‌కు కార్యదర్శి అయ్యెను. 1861లో ఆల్బర్ట్ మరణింపగా రాణి దుఃఖమున మునిగి ప్రజలకు కనబడుట మానెను. నాటినుండి ఆమె రాచకార్యములకు చార్లెస్ తోడునీడ. అయినను, రాణికి మంత్రులు గాక వేరొక సలహాదారు కూడదను శంక వలన, కార్యదర్శి యను పదవీనామము 1867 వరకు ఆయనకు లభింపలేదు. 1868లో డిజ్రేలీని ప్రధానమంత్రి పదవికి పిలుచు రాణి సందేశమును, ఒకప్పుడు ఆయనను ఓడించిన చార్లెసే కొనిపోయెను.

రాణి మనసెరిగి మెలగుట సులభము. అప్రియమైన హితము పలుకుట కష్టము. ధృతరాష్ట్రుని కొలువులో విదురునకు పట్టిన పనియే చార్లెస్‌కును పట్టెను. రాణి ఏకాంతము వీడి రాజధర్మము నెరవేర్చవలెనని ఆయన పలుమారులు నచ్చజెప్పెను. అది ఫలింపకపోగా 1869లో ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్‌ను ఆమెతో దృఢముగా మాట్లాడుమని ప్రోత్సహించెను. తన కొలువునకు చేటు కలుగునని వెనుదీయలేదు.

1870 మార్చి 31న చార్లెస్ కన్నుమూసెను. ఆయన మేనకోడలి భర్త హెన్రీ పాన్సన్‌బీ ఆ పదవిని చేపట్టెను. బానిసల సంకెలలు తెంచిన శాసనము, కూలీల ఓడలకు దారితీసిన శాసనము ఒక్కటియే. ఆ శాసనము పుట్టిన యింట చార్లెస్ పెరిగెను. ప్రభువు మెప్పుకన్న ప్రభువు మేలును కోరుటయే నిజమైన సేవ యని ఆయన జీవితము చాటుచున్నది.