కారులో రేడియో బిగించిన పాల్ గాల్విన్

మోటరోలా అనే పేరు సెల్‌ఫోన్ల మీద చూసే ఉంటారు. అసలు ఆ పేరు ఫోన్‌కి పెట్టింది కాదు, కారులో బిగించే రేడియోకి పెట్టింది. పెట్టినాయన పాల్ గాల్విన్.

ఆయన 1895లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో హార్వర్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. మన వయసులో ఆ ఊరి స్టేషన్లో ఆగే రైళ్ళ దగ్గర మొక్కజొన్న పేలాలు అమ్మారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చాక, 1921లో స్నేహితుడు స్టువర్ట్‌తో కలిసి బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టారు. రెండేళ్ళకే మూతపడింది. పన్ను బాకీ కింద అధికారులు తాళం వేస్తే, లోపలున్న కోటు కూడా తెచ్చుకోనివ్వలేదట! తర్వాత షికాగోలో పెట్టిందీ దివాలా తీసింది. 1928లో ఆ సామాను వేలం వేస్తుంటే, బ్యాటరీ లేకుండా ఇంటి కరెంటుతో రేడియోని నడిపే పరికరం తయారీ వరకు తానే 750 డాలర్లకు పాడుకున్నారు. సోదరుడు జోసెఫ్‌తో, అయిదుగురు పనివాళ్ళతో మళ్ళీ మొదలెట్టారు.

మరుసటి ఏడే అమెరికాలో వ్యాపారాలు కుప్పకూలాయి. ఇళ్ళకి రేడియోలు కొనే నాథుడు లేడు. అప్పుడాయన దృష్టి కార్ల మీద పడింది.

రేడియో తెచ్చి కారులో పెడితే సరిపోదా అనుకుంటాం. సరిపోదు. కారు బ్యాటరీ 6 వోల్టులు. ఆ కాలం రేడియో వాల్వులకు అంతకన్నా చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకని వేరే బ్యాటరీలు తెచ్చి కారు అడుగున పెట్టెలో అమర్చాలి. ఏరియల్ కోసం పైకప్పు గుడ్డ విప్పి లోపల తీగ పరచాలి. ఇంతా చేసి ఇంజన్ స్టార్ట్ చేస్తే పాట వినపడదు, గరగరే! స్పార్క్ ప్లగ్గులో పుట్టే ప్రతి నిప్పురవ్వనీ రేడియో పట్టేస్తుంది. మన కొండదారి పాత జీపుల్లో ఇంజన్ రేజ్ చేసినకొద్దీ స్పీకర్లో గుయ్‌మంటుంది చూడండి, దాదాపు అలాంటి గొడవే. ప్లగ్గు తీగలకు రెసిస్టర్లు, డైనమోకి కండెన్సరు కట్టి ఆ గోల తగ్గించారు. బిల్ లియర్, ఎల్మర్ వేవరింగ్ అనే కుర్రవాళ్ళు ఈ పనిలో సాయపడ్డారు.

1930 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సభ జరిగింది. అక్కడ స్టాలు తీసుకోవడానికి గాల్విన్ దగ్గర డబ్బులేవి? తన స్టూడిబేకర్ కారులోనే రేడియో బిగించుకుని, షికాగో నుంచి సుమారు 1300 కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్ళారు. సభ బయట కారు ఆపి, సౌండు పెంచి, వచ్చేపోయేవాళ్ళను పిలిచి వినిపించారు. ఆర్డర్లతో తిరిగొచ్చారు. మోటారుకి, విక్ట్రోలా అనే గ్రామఫోన్ పేరు చివరి ముక్కని కలిపి మోటరోలా అన్నారు.

బిగించిన రేడియో వంద డాలర్ల పైమాటే, అందరూ కొనగలిగేది కాదు. పాట వింటూ నడిపితే ప్రమాదాలు జరుగుతాయని, నిషేధించాలని కొందరు పట్టుబట్టారు కూడా. అయినా అమ్మకాలు సాగాయి. 1936లో పోలీసు కార్లకు రేడియో తయారుచేశారు. 1940లో సైనికులు చేత్తో పట్టుకుని మాట్లాడే హ్యాండీ టాకీ వచ్చింది. 1947లో కంపెనీ పేరే మోటరోలా అయ్యింది.

గాల్విన్ 1959 నవంబరు 5న చనిపోయారు. ఆ కంపెనీవాళ్ళు 1973లో సెల్‌ఫోన్లో మాట్లాడి చూపించేనాటికి ఆయన పోయి పదమూడేళ్ళు దాటింది.