నిదానం నేర్పిన వేగం

న్యూజీలండు దేశపు దక్షిణపు కొనలో ఇన్వర్‌కార్గిల్ అనే పట్టణం ఉన్నది. చుట్టూ పచ్చిక బయళ్ళు, గొర్రెల మందలు. పట్టణానికి పడమటి దిక్కున ఓరేటి అనే పొడవైన ఇసుక తీరం. ఆ ప్రాంతంలో 1899వ సంవత్సరం మార్చి 25వ తేదీన ఒక రైతు ఇంట కవలలు పుట్టినారు. ఆడశిశువు పురిటిలోనే కన్నుమూసినది. మగశిశువు కూడా రెండేండ్లకు మించి బ్రతకడని పెద్దలు ఆశ వదులుకొన్నారు. హెర్బర్ట్ జేమ్స్ అని పేరు పెట్టుకొన్న ఆ శిశువే తరువాత బర్ట్ మన్రోగా లోకానికి తెలిసినాడు. రెండేండ్లు బ్రతకడనుకొన్నవాడు డెబ్బది ఎనిమిదేండ్లు జీవించినాడు. అరువది ఎనిమిదవ యేట, నలువది యేడేండ్ల పాత మోటారు సైకిలు మీద, ఆ తరగతి యంత్రాలలో ప్రపంచంలో మరెవ్వరూ అందుకొనని వేగాన్ని అందుకొన్నాడు.

ఎడెన్‌డేల్ గ్రామంలోని పొలంలో బర్ట్ బాల్యం గడిచినది. వేగం మీద మక్కువ అతనికి పుట్టుకతోనే అబ్బినది కాబోలు. ఇంట ఉన్న గుర్రాలన్నిటిలో చురుకైన దానిని ఎక్కి పొలమంతా పరుగెత్తించేవాడు. తండ్రికి అది నచ్చేది కాదు. పొలం పనులలో పడి ఉండవలసిన పిల్లవాడికి ఎప్పుడో ఒకసారి రైలెక్కి రేవుపట్టణానికి పోవడమే పెద్ద పండుగ. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు, వయస్సు వస్తే సైన్యంలో చేరి దేశాలు చూడవచ్చునని ఆశపడినాడు. వయస్సు వచ్చేసరికి యుద్ధం ముగిసినది. కొంతకాలం ఒటీరా రైలు సొరంగం నిర్మాణంలో కూలిపని చేసినాడు. తండ్రి కొత్తగా పొలం కొని పిలిపించగా మళ్ళీ సేద్యంలోకి వచ్చినాడు.

1920లో అతడొక మోటారు సైకిలు కొన్నాడు. దాని పేరు ఇండియన్ స్కౌట్. ఈ పేరు చూసి మన దేశపు బండి అనుకోరాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో తయారైన బండి అది. అమెరికా ఆదివాసులను అక్కడివారు పిలిచిన పేరునే ఆ కంపెనీ తన యంత్రాలకు పెట్టుకొన్నది. చార్లెస్ ఫ్రాంక్లిన్ అనే ఐర్లండు దేశపు ఇంజనీరు రూపకల్పన చేసిన ఆ బండిలో రెండు సిలిండర్లు ‘వి’ అక్షరం ఆకారంలో అమరి ఉంటవి. ఇంజను పరిమాణం 600 సి.సి. ముందు చక్రానికి బ్రేకు లేదు. అది పోగలిగిన గరిష్ఠ వేగం గంటకు సుమారు 55 మైళ్ళు. ఆనాటి రోడ్ల మీద తిరిగేవారికి అది చాలిన వేగమే. బర్ట్‌కు చాలలేదు.

మరింత వేగం కావలసినవాడు మరింత కొత్త బండి కొంటాడు. లోకంలో అందరూ చేసేది అదే. బర్ట్ మన్రో అట్లా చేయలేదు. 1926లో తన పాత బండినే విప్పి మార్చడం మొదలుపెట్టినాడు. ఇంచుమించు బ్రతికినంత కాలం ఆ పని మానలేదు. కొంతకాలం ఆస్ట్రేలియాకు పోయి పందేలలో పాల్గొన్నాడు. ఆర్థిక మాంద్యం వచ్చిన తరువాత స్వదేశానికి తిరిగివచ్చి, మోటారు సైకిళ్ళు అమ్మే ఉద్యోగంలోనూ మరమ్మతు పనిలోనూ కుదిరినాడు. పగలు ఉద్యోగం, రాత్రి తన బండి పని. రాత్రంతా యంత్రంతో కుస్తీపట్టి తెల్లవారి అట్లాగే దుకాణానికి పోయిన రోజులు అనేకం.

అతనికి ధనం లేదు. గొప్ప పనిముట్లు లేవు. ఇంజనీరింగు కళాశాల గడప తొక్కలేదు. పారవేసిన అల్యూమినియం వస్తువులను కరిగించి, పాత డబ్బాలను అచ్చులుగా పెట్టి విడిభాగాలు పోతపోసేవాడు. ట్రాక్టరు ఇరుసు ఉక్కును చేతితో చెక్కి, ఆకురాయితో అరగదీసి కనెక్టింగ్ రాడ్లుగా మలచినాడు. సిలిండర్లు, పిస్టన్లు, ఫ్లైవీళ్ళు స్వయంగా తయారుచేసుకొన్నాడు. వెంట్రుకవాసి కొలతలు తీయడానికి మైక్రోమీటరు అనే పరికరం ఉంటుంది. అతనికి చక్రపు పాత స్పోకే మైక్రోమీటరు.

ఈ శ్రమలో ముఖ్యమైన మార్పు ఒకటి ఉన్నది. స్కౌట్ ఇంజనులో గాలిని, పెట్రోలు ఆవిరిని లోపలికి విడిచే వాల్వులు సిలిండరు ప్రక్కన ఉండేవి. ప్రక్కనుండి వచ్చిన వాయువు మలుపు తిరిగి లోపలికి చేరాలి. పరుగెత్తేవాడు ముక్కు సగం మూసుకొని ఊపిరి తీసినట్లుగా, వేగం పెరిగిన కొద్దీ అటువంటి ఇంజనుకు గాలి చాలదు. బర్ట్ ఆ వాల్వులను సిలిండరు నెత్తిమీదికి మార్చినాడు. కర్మాగారంలో ఇంజనీర్ల బృందం కొత్త నమూనాగా చేయవలసిన పనిని ఒక్కడు తన కొట్టంలో చేసినాడు.

మార్చిన ప్రతి భాగమూ నిలిచినది కాదు. పిస్టన్లు కరిగిపోయినవి, రాడ్లు విరిగినవి, ఇంజను యావత్తు ముక్కలైన సందర్భాలూ ఉన్నవి. ఆ ముక్కలను అతడు పారవేయలేదు. కొట్టంలో ఒక అరమీద వరుసగా పేర్చి, అవి వేగదేవతకు తాను సమర్పించిన నైవేద్యాలని వ్రాసిపెట్టుకొన్నాడు. చూసేవారికి అది హాస్యంగా కనిపించవచ్చు. కాని ఆ అర అతని పాఠశాల. విరిగిన ప్రతి ముక్కా ఎక్కడ బలం చాలలేదో చూపేది. దానిని చూసి మరొకటి చేసేవాడు. అది కూడా విరిగితే ఇంకొకటి.

ఈ పట్టుదలకు మూల్యం లేకపోలేదు. అతడు 1927లో వివాహం చేసుకొన్నాడు. నలుగురు బిడ్డలు కలిగినారు. 1947లో ఆ దాంపత్యం విడిపోయినది. అటుపిమ్మట ఉద్యోగం కూడా వదలి, బండ్లు పెట్టుకొనే చిన్న కొట్టాన్నే ఇల్లుగా చేసుకొన్నాడు. పడక ఒక మూల, పనిబల్ల ఒక మూల. అతని వద్ద ఉన్నవి రెండే బండ్లు: ఈ స్కౌట్, 1936లో కొన్న ఇంగ్లండు దేశపు వెలోసెట్. పందేలలో పడి ఎన్నో గాయాలు తగిలినవి. యాభై ఏళ్ళు దాటిన తరువాత గుండెనొప్పి కూడా మొదలైనది. ఒక పనికి జీవితమంతా అర్పించినవానిని కీర్తించేటప్పుడు, ఆ అర్పణలో ఇతరుల భాగం కూడా ఉన్నదని మరువరాదు.

1938లో బర్ట్ తన దేశంలో మొదటి వేగపు రికార్డు స్థాపించినాడు. తరువాత మరి యేడు స్థాపించినాడు. అయినా ఓరేటి తీరపు ఇసుక అతని ఆశకు చాలలేదు. అమెరికాలో యూటా రాష్ట్రంలో బానవిల్ అనే ఉప్పునేల ఉన్నది. వేల ఏండ్ల క్రిందట ఎండిపోయిన మహాసరస్సు అడుగుభాగం అది. శీతకాలంలో నీరు నిలుస్తుంది. వేసవిలో ఆ నీరు ఇంకి, పలకవలె చదునైన తెల్లని నేల మైళ్ళ తరబడి మిగులుతుంది. సముద్రమట్టానికి సుమారు 4,200 అడుగుల ఎత్తున ఉండడంచేత అక్కడి గాలి కొంత పలుచన. వేగపరీక్షలకు అంతకంటె పేరుగన్న చోటు అరుదు. బర్ట్ అక్కడికి పదిసార్లు పోయినాడు. మొదటిసారి కేవలం ప్రేక్షకుడుగా పోయి, నేలను, బండ్లను, పద్ధతులను చూసి తిరిగివచ్చినాడు. 1962లో తన స్కౌట్‌ను పసిఫిక్ మహాసముద్రం దాటించినాడు. అప్పటికి అతనికి అరువది మూడేండ్లు.

వేగం పెంచడంలో అసలు శత్రువు గాలి. వేగం రెండింతలైతే గాలి ఎదుర్కొనే బలం నాలుగింతలవుతుంది. దానిని జయించడానికి ఇంజను ఇవ్వవలసిన శక్తి ఎనిమిదింతలు. వేగం మూడింతలు కావాలంటే శక్తి ఇరువదియేడింతలు కావాలి. ఇంజనును ఎంత బలపరచినా, గాలిని చీల్చుకొనిపోయే రూపం లేకపోతే ఆ బలం వృథా. అందుకే బర్ట్ అల్యూమినియం రేకును చేతితో సాగగొట్టి, చేపవంటి ఆకారంలో బండికి తొడుగు చేసినాడు. దానిలో బోర్లపడుకొని నడపాలి.

రికార్డు నిర్ణయించే పద్ధతి కూడా విద్యార్థులు తెలుసుకోదగినది. ఒకసారి వేగంగా పోతే చాలదు. వెనుకనుండి గాలి తోడ్పడి ఉండవచ్చు. అందుచేత కొలిచిన మైలు దూరాన్ని ఒకసారి ఒక దిక్కుగా, మరొకసారి ఎదురుదిక్కుగా పోవాలి. ఆ రెండు వేగాల సగటే రికార్డు. 1962లో, 850 సి.సి.కి పెంచిన ఇంజనుతో బర్ట్ గంటకు 178.97 మైళ్ళ వేగం సాధించి, 883 సి.సి. తరగతిలో రికార్డు నెలకొల్పినాడు. 1966లో 1000 సి.సి. తరగతిలో 168.07 మైళ్ళు. 1967 ఆగస్టులో, 950 సి.సి. ఇంజనుతో, అదే తరగతిలో 183.586 మైళ్ళు. ఆ యేడు అర్హత కోసం ఒకే దిక్కుగా చేసిన పరుగులో 190.07 మైళ్ళు నమోదైనది. 55 మైళ్ళతో బయలుదేరిన బండి అది. దానిని తయారుచేసిన పాత కంపెనీ 1953లోనే ఉత్పత్తి ఆపివేసినది. కన్నవారు గతించినా, పెంచినవాడు వదలలేదు.

ఆ విజయం సుఖంగా చిక్కినది కాదు. 1967లో ఆ ఉప్పునేల మీదనే, ఒక పరుగులో సగం దాటిన తరువాత బండి అటూ ఇటూ ఊగిపోవడం మొదలైనది. వేగం తగ్గించడానికి బర్ట్ లేచి కూర్చున్నాడు. గాలి తాకిడికి కంటి అద్దాలు ఎగిరిపోయినవి, చూపు ఆనలేదు. దారి తప్పిన బండి, నేలలో పాతిన ఇనుప గుంజను తృటిలో తప్పించుకొన్నది. చివరకు బండిని తానే నేలమీద పడవేసి, కొద్దిపాటి గీతలతో బయటపడినాడు.

1977లో పక్షవాతం సోకి, కాలుసేతుల పట్టు తగ్గినది. బండ్లు తాను మరి నడపలేడని గ్రహించి, రెండింటినీ స్థానిక వర్తకునికి అమ్మివేసినాడు. అవి తన ప్రాంతం దాటి పోరాదన్నదే అందులోని కోరిక. 1978 జనవరి 6వ తేదీన కన్నుమూసినాడు. 2005లో రోజర్ డొనాల్డ్‌సన్ దర్శకత్వంలో ఆయన కథ చలనచిత్రంగా వచ్చినది; ఆంథొనీ హాప్‌కిన్స్ బర్ట్ పాత్ర ధరించినాడు. 2006 నుండి ఇన్వర్‌కార్గిల్‌లో అతని పేర మోటారు సైకిలు పందేలు మొదలైనవి. పాత బండ్లమీద ప్రేమ గలవారు దూరదేశాలనుండి వచ్చి, ఒకనాడు అతడు పరుగులు తీసిన ఓరేటి ఇసుకలో బండ్లు నడిపినారు.

కథ అంతటితో ముగియలేదు. అతని కుమారుడు జాన్ 1967నాటి లెక్కలను మళ్ళీ చూసినాడు. ఉత్తరదిక్కు పరుగు 184.710 మైళ్ళు, దక్షిణదిక్కు పరుగు 183.463 మైళ్ళు. ఈ రెండింటినీ కూడి సగం చేస్తే 184.087 వస్తుంది. కాని రికార్డుగా వ్రాసినది 183.586. ఆనాడు ఎవరో సగటు కట్టడంలో పొరబడినారు. ఈ సంగతి తెలియజేయగా అమెరికా మోటారు సైకిలు సంఘంవారు 2014లో తప్పు దిద్ది, బర్ట్ మన్రోకు చెందవలసిన అరమైలు వేగాన్ని అతనికి ఇచ్చివేసినారు. అప్పటికి అతడు పోయి ముప్పది ఆరేండ్లు.

ఎంత గొప్ప రికార్డయినా, పాఠశాల విద్యార్థి కట్టగల సగటు లెక్కమీద నిలబడి ఉన్నది. బండి కొన్న 1920 నుండి 1967నాటి పరుగు వరకు నలువది యేడేండ్లు. ఆ పరుగునుండి లెక్క సరిదిద్దిన 2014 వరకు మళ్ళీ సరిగా నలువది యేడేండ్లే. కొలిచిన మైలును దాటడానికి బర్ట్‌కు పట్టినది ఇరువది సెకండ్లకంటె తక్కువ. ఆ ఇరువది సెకండ్లు సంపాదించడానికి పట్టిన కాలం సగం జీవితం. ఈనాడు పాత బండికి తుప్పు వదిలించి, ఆకురాయి పట్టుకొని దాని ముందు ఓపికగా కూర్చునే వారందరూ, తెలిసో తెలియకో, ఇన్వర్‌కార్గిల్‌లోని ఆ చిన్న కొట్టంలో పాఠం నేర్చినవారే.