ఎమీ జాన్సన్

ఎమీ జాన్సన్ (జూలై 1, 1903 - జనవరి 5, 1941) సుప్రసిద్ధ బ్రిటిష్ విమాన చోదకురాలు. ఇంగ్లాండు నుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా విమానం నడిపిన మొట్టమొదటి మహిళ.

బాల్యం, విద్య

ఈమె ఇంగ్లాండులోని హల్ నగరంలో జన్మించింది. తండ్రి చేపల వ్యాపారి. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించి, లండన్‌లో ఒక న్యాయవాద కార్యాలయంలో ఉద్యోగం చేసింది. 1929లో విమానం నడిపేందుకు, మరమ్మత్తు చేసేందుకు కూడా లైసెన్సులు పొందింది.

ఆస్ట్రేలియా యాత్ర

అంతవరకు ఆమె ఒంటరిగా చేసిన అతి దూరపు ప్రయాణం లండన్ నుండి హల్ వరకు మాత్రమే. 1930 మే 5న లండన్ సమీపంలోని క్రాయ్డన్ నుండి జేసన్ అనే పాత జిప్సీ మాత్ విమానంలో బయలుదేరింది. ఆరు రోజులలో కరాచీ చేరి కొత్త రికార్డు స్థాపించింది. ఝాన్సీ, కలకత్తాల మీదుగా బర్మా చేరగా, రంగూన్ సమీపంలో దిగుతున్నపుడు విమానం దెబ్బతిన్నది. మరమ్మత్తుల వలన ఆలస్యమై, 1928లో బెర్ట్ హింక్లర్ నెలకొల్పిన పదిహేనున్నర రోజుల రికార్డును అందుకోలేకపోయింది. అయినప్పటికీ సుమారు 18,000 కిలోమీటర్లు ప్రయాణించి మే 24న డార్విన్‌లో దిగింది. 2018లో ప్రారంభమైన పెర్త్ - లండన్ విమానం సుమారు 14,500 కిలోమీటర్ల దూరాన్ని ఎక్కడా ఆగకుండా దాదాపు 17 గంటలలో దాటింది.

మరణం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఈమె సైనిక విమానాలను ఒకచోటి నుండి మరొకచోటికి చేరవేసే సంస్థలో పనిచేసింది. 1941 జనవరి 5న ప్రతికూల వాతావరణంలో దారి తప్పి, థేమ్స్ నదీ ముఖద్వారం వద్ద నీటిలో పడి మరణించింది. రక్షించబోయిన నౌకాదళ అధికారి కూడా మృతి చెందాడు. ఆమె దేహం లభించలేదు. జేసన్ విమానం లండన్ సైన్సు మ్యూజియంలో భద్రపరచబడినది.