రఘుపతి వెంకయ్య

రఘుపతి వెంకయ్య నాయుడు (మరణం: మార్చి 15, 1941) తెలుగు సినిమాకు ఆద్యుడు. మూకీ చిత్రాల ప్రదర్శకుడుగా, థియేటర్ల యజమానిగా, నిర్మాతగా దక్షిణ భారతదేశంలో సినిమా వ్యాపారానికి పునాదులు వేసినవారిలో ముఖ్యుడు. తెలుగు సినిమా పితామహుడుగా ప్రసిద్ధుడు.

తొలి జీవితం

వెంకయ్య స్వస్థలం మచిలీపట్నం. యౌవనంలోనే మద్రాసు చేరి, ఫోటో స్టూడియో నెలకొల్పి, మంచి ఛాయాగ్రాహకుడుగా పేరు తెచ్చుకొన్నాడు. నిశ్చల చిత్రంతో మొదలైన ఆసక్తి క్రమంగా కదిలే బొమ్మలవైపు మళ్ళింది.

క్రోనోమెగాఫోన్

ఆ కాలపు చిత్రాలకు మాట లేదు. పాశ్చాత్య దేశాలలో తెర పక్కన పియానో వాయించేవారు. మన దేశంలో హార్మోనియం, తబలా వాద్యకారులు కూర్చొని సన్నివేశానికి తగినట్లు వాయించేవారు. చదువురాని ప్రేక్షకులకోసం ఒక వ్యాఖ్యాత కథను బిగ్గరగా వివరించేవాడు. ఇదే సమయంలో బొమ్మకు యంత్రంద్వారా ధ్వనిని జోడించే ప్రయత్నాలూ సాగాయి. జర్మనీలో ఆస్కార్ మెస్టర్ 1903లో బయోఫోన్ అనే పరికరంతో ఇటువంటి ప్రదర్శనలిచ్చాడు. ఫ్రాన్సుకు చెందిన గోమాంట్ సంస్థ తయారుచేసిన క్రోనోమెగాఫోన్‌లో ప్రొజెక్టరును, గ్రామఫోనును కలిపి నడిపేవారు. పెద్ద హాలులో వినిపించేందుకు ధ్వనిని సంపీడిత వాయువుతో హెచ్చించేవారు. ఒక రికార్డు కొద్ది నిమిషాలే నడిచేది కనుక ఈ చిత్రాలు చాలా చిన్నవి.

1909 ప్రాంతంలో వెంకయ్య తన స్టూడియోను తాకట్టు పెట్టి, సుమారు 30,000 రూపాయలతో ఈ యంత్రాన్ని కొన్నాడు. ఆ రోజులలో అది పెద్ద ఆస్తికి సమానమైన మొత్తం. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలిచ్చాడు. తరువాత యంత్రంతో దక్షిణ భారతదేశమంతటా తిరిగి, బర్మా, సింహళ దేశాలకు కూడా వెళ్ళాడు.

థియేటర్లు, చిత్ర నిర్మాణం

సంచార ప్రదర్శనలతో తృప్తిపడక, వెంకయ్య మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించాడు. 1914లో ప్రారంభమైన ఈ థియేటర్, మద్రాసులో భారతీయుడు కట్టించిన మొదటి సినిమా థియేటరుగా పేరొందింది. తరువాత క్రౌన్, గ్లోబ్ థియేటర్లు వెలిశాయి. ఆంధ్ర ప్రాంతంలో విజయవాడ మారుతీ సినిమా 1921లో గాని ప్రారంభం కాలేదన్న విషయాన్ని గమనిస్తే వెంకయ్య ముందుచూపు అర్థమవుతుంది.

కుమారుడు సూర్యప్రకాష్‌ను చిత్ర నిర్మాణం నేర్చుకోవడానికి ఇంగ్లండు పంపాడు. అతడు తిరిగివచ్చిన తరువాత స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ ద్వారా భీష్మ ప్రతిజ్ఞ (1921) అనే మూకీ చిత్రం వెలువడింది. దీనికి దర్శకుడు ప్రకాష్. భీష్ముని పాత్రధారి కూడా అతడే. తరువాతికాలంలో ప్రముఖ దర్శకులైన సి.పుల్లయ్య, వై.వి.రావు ఈ తండ్రీకొడుకుల వద్దనే సినిమా పని నేర్చుకొన్నారు.

చివరి దశ

చిత్ర నిర్మాణం వెంకయ్యకు లాభాలు తెచ్చిపెట్టలేదు. నష్టాలు పెరిగి సంస్థ మూతపడింది. చివరి సంవత్సరాలు ఆర్థిక ఇబ్బందులలో గడిచాయి. అయితే ఆయన ఆస్తి తాకట్టు పెట్టి తెచ్చిన మాట్లాడే బొమ్మ, 1932లో విడుదలైన భక్త ప్రహ్లాదతో తెలుగులో పూర్తి రూపం దాల్చింది. అది చూడగలిగినంత కాలం ఆయన జీవించాడు.

గుర్తింపు

తెలుగు సినిమాకు విశేష సేవచేసినవారికోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో ఆయన పేరిట రఘుపతి వెంకయ్య పురస్కారాన్ని నెలకొల్పింది. ఆయన జీవితం ఆధారంగా తీసిన చిత్రం 2019లో విడుదలైంది.