పీటర్ మెడవార్

మామిడికొమ్మను వేరొక మామిడిమొక్కకు అంటుకట్టినచో అది చిగిర్చి ఫలించును. ఒకరి చర్మమును వేరొకరి మేన అతికినచో మాత్రము అది కొలది వారములలోనే యెండి రాలిపోవును. ఇట్లేల జరుగునో లోకమునకు తెలియజెప్పిన శాస్త్రజ్ఞుడు పీటర్ మెడవార్.

ఆయన 1915 లో బ్రెజిలు దేశమున జన్మించెను. తండ్రి లెబనాను దేశమున పుట్టినవాడు, తల్లి ఆంగ్లవనిత. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆయన జంతుశాస్త్రము నభ్యసించెను. 1940 లో, ప్రపంచయుద్ధము సాగుచుండగా, ఆయన యింటికి చేరువనే యొక విమానము కూలెను. అందలి యువకుని మేను చాలభాగము కాలిపోయెను. గాయములను కప్పుటకు అతని చర్మము చాలదు. ఇతరుల చర్మము నిలువదు. వైద్యులు మెడవార్ సాయము కోరిరి. ఆనాటినుండి ఆయనకు వేరు ధ్యాస లేదు.

గ్లాస్గో నగరమున గిబ్సన్ అను శస్త్రవైద్యునితో గూడి, మేను కాలిన యొక స్త్రీకి ఆమె చర్మపు ముక్కలను, ఆమె సోదరుని చర్మపు ముక్కలను అతికి పరిశీలించెను. ఆమెవి నిలిచినవి. సోదరునివి కొన్నాళ్లుండి నశించినవి. సోదరుని చర్మమునే మరల అతికిరి. ఈమారు అవి మరింత త్వరగా నశించినవి! మెడవార్ బుద్ధిసూక్ష్మత యిచ్చటనే కానవచ్చును. మశూచి సోకి కోలుకొనినవానికి అది మరల రాకుండ కాచు రక్షణశక్తియే యీ పనియు చేయుచున్నదనియు, అది తొలి యనుభవమును మరువలేదనియు ఆయన గ్రహించెను. శరీరమునకు తోబుట్టువు సైతము పరాయివాడే కాబోలు! ఈ విషయము 1943 లో ప్రకటితమయ్యెను.

పిమ్మట కవలదూడలను పరీక్షింపగా వింత కనబడెను. పోలికలు వేరైన కవలలు సైతము ఒకదాని చర్మము నొకటి స్వీకరించినవి. తల్లిగర్భమున వాని రక్తములు కలియుటయే కారణము. ఆ జాడ ననుసరించి, బిలింగ్‌హామ్, బ్రెంట్ అను సహచరులతో గూడి, ఇంకను పుట్టని యెలుకపిల్లలకు వేరు వంశపు టెలుకల కణములను ఎక్కించెను. అవి పెరిగిన పిదప ఆ వంశపు చర్మమును తమదానివలెనే నిలుపుకొన్నవి. 1953 లో ఈ వార్త వెలువడెను. మానవులకీ పద్ధతి నేరుగా పనికిరాదు; శిశువు పుట్టకమునుపే దాత నెవరు నిర్ణయింపగలరు? అయినను నిరాకరణ అనివార్యము కాదని తేలుటతో వైద్యులకు ధైర్యము కలిగెను. అచ్చముగ నొకే పోలికగల కవలల నడుమ మూత్రపిండమార్పిడి 1954 లో బోస్టనున సఫలమయ్యెను. ఇతరుల విషయమున కణజాలముల పొత్తు చూచుటయు, నిరాకరణ నణచు మందులును తరువాత వచ్చినవి.

1960 లో బర్నెట్‌తో కలిసి మెడవార్ నోబెల్ బహుమానము నందెను. 1969 లో పక్షవాతము సోకి ఎడమభాగము స్వాధీనము తప్పెను. పరిశోధన మానలేదు, గ్రంథరచనయు మానలేదు. 1987 లో లండను నగరమున మరణించెను.