పాటల బడి – జోల్తాన్ కొడాయ్

మాటలు రాకముందే శిశువు తల్లి గొంతులోని లయను పోల్చుకుంటాడు. ఆ లయనే చదువుకు తొలిమెట్టుగా భావించిన సంగీతకర్త జోల్తాన్ కొడాయ్. ఆయన 1882 డిసెంబరు 16న హంగరీలోని కెచ్‌కెమేట్ పట్టణంలో జన్మించారు. తండ్రి రైల్వే ఉద్యోగి. బాల్యంలో ఏడేళ్లు గలాంటా అనే చిన్న ఊరిలో గడిచాయి. అక్కడి పల్లీయుల పాటలు ఆయన చెవిలో చిరకాలం నిలిచాయి.

1900లో బుడాపెస్ట్ చేరి విశ్వవిద్యాలయంలో హంగేరియన్, జర్మన్ భాషలను, సంగీత అకాడమీలో స్వరరచనను ఏకకాలంలో అభ్యసించారు. ఆనాటి నగర సంగీతంలో జర్మన్ బాణీలదే పైచేయి. పల్లెపాట పామరుల సొత్తని నాగరికులు తృణీకరించేవారు. 1905లో కొడాయ్ గలాంటా పరిసర గ్రామాలలో తిరిగి సుమారు 150 పాటలు సేకరించారు. మరుసటి ఏడు జానపద గేయాల చరణ నిర్మాణంపై డాక్టరేటు పొందారు. మిత్రుడు బేలా బార్టోక్‌తో కలిసి ఇరవై పాటలు ప్రకటించారు.

1925 ప్రాంతం నుండి ఆయన దృష్టి బాలల వైపు మళ్లింది. హంగేరియన్ భాషలో ఊనిక పదం మొదటి అక్షరంపై పడుతుంది. పరాయి బాణీలో పొదిగితే ఆ ఊనిక స్థానం తప్పుతుంది. విరవరాని చోట పద్యాన్ని విరిచి చదివితే అర్థం చెడటం మనకూ అనుభవమే కదా! అటువంటి పాటలతో పెరిగిన పిల్లల చెవికి మాతృభాష నడకే పరాయిదవుతుందని ఆయన వేదన చెందారు. 1937లో ఉచ్చారణ క్షీణతను గూర్చి ప్రసంగించారు. 1941లో శిశువిహారాలలో సంగీతాన్ని గూర్చి వ్యాసం రాశారు.

దీనికి ఆయన చూపిన మార్గం సరళమైనది. వాద్యానికి ముందు గాత్రం, పరాయి పాటకు ముందు సొంత పాట. మన ఔడవ రాగాల వలె ఐదు స్వరాలే గల జానపద గేయాలతో ఆరంభించమన్నారు. ఫ్రాన్సులో పుట్టిన లయాక్షర పద్ధతిని ఆయన శిష్యులు బడులకు తెచ్చారు. అందులో ఒక 'టా' కాలంలో రెండు 'టి'లు పలకాలి. గురువు రెండు లఘువులకు సమానమని ఛందస్సులో చదివిన మీకు ఇది వింత కాదు.

1950లో కెచ్‌కెమేట్‌లో నిత్యం పాడించే ప్రాథమిక పాఠశాల వెలసింది. పాటకు వెచ్చించిన కాలం చదువును కుంటుపరచలేదని అక్కడి ఉపాధ్యాయులు గ్రహించారు. లయభేదాలు చక్కగా గుర్తించే పిల్లలు పదంలోని ధ్వనులను కూడా సులువుగా విడదీయగలరని నేటి పరిశోధకులు గమనించారు. అయితే అది పాట వల్లనే కలుగుతుందా అనే చర్చ ఇంకా తెగలేదు.

కొడాయ్ 1967 మార్చి 6న బుడాపెస్ట్‌లో కన్నుమూశారు. ఆయన పద్ధతిలో జానపద సంగీతాన్ని కాపాడుతున్న కృషిని 2016లో యునెస్కో మేలైన సంరక్షణ విధానాల పట్టికలో చేర్చింది.