జెర్డను దొర

నందికొండలలో బుట్టి హిందూపురపు సీమ మీదుగా బాఱు పెన్నానది, ధర్మవరము వైపునుండి వచ్చు చిత్రావతిని గలుపుకొని, నెల్లూరు దాటి సముద్రమును జేరును. ఆ నెల్లూరున వైద్యుడుగా నుండి, ఈ దేశపు పక్షిమృగాదులకు గ్రంథములలో శాశ్వతస్థానము గల్పించిన మహనీయుడు థామస్ కావర్‌హిల్ జెర్డను.

ఇతడు 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండునందలి డర్హాము మండలమున జన్మించెను. ఎడింబరోలో విద్య నభ్యసించి, కుంఫిణీవారి కొలువున సహాయవైద్యుడై 1836లో మద్రాసు చేరెను. మొదట గంజాము సీమలో జ్వరగ్రస్తులైన సిపాయీలకు చికిత్స చేయుచు, తీరిక వేళల తూర్పు కనుమల పక్షులను పరిశీలించెను.

సేకరించిన పక్షుల చర్మములను పేర్లు నిర్ణయించుటకై స్కాట్లండునందలి జార్డిను పండితునికి బంపెను. అవి దూరప్రయాణమున పురుగులపాలయ్యెను. మఱియొకడైన నిరుత్సాహపడి విరమించియుండును. జెర్డను మాత్రము స్వబుద్ధిని నమ్మి, దక్షిణదేశపు పక్షుల పట్టికను 1839లో ప్రకటింప నారంభించెను. చర్మము చెడిపోవును, చిత్రము నిలుచును. 1843 మొదలు 1847 వఱకు ఏబది వర్ణచిత్రములతో నొక పక్షిగ్రంథమును మద్రాసున వెలువరించెను. అందలి చిత్రరచనలో దేశీయ చిత్రకారుల చేతిపని గలదు. 

1862-64 సంవత్సరములలో వెలువడిన ఇతని భారత పక్షిగ్రంథమున వేయికి పైగా జాతులు వర్ణింపబడెను. 1867లో రూర్కీనగరమున క్షీరదములను గూర్చిన గ్రంథము ముద్రితమయ్యెను. అందు గబ్బిలములకును చోటు దక్కెను. గబ్బిలము చిరకాలము పండితులను దికమక పెట్టిన ప్రాణి. అమరకోశము దానిని అజినపత్ర, అనగా తోలుఱెక్కలది, యని పేర్కొన్నది. 1555లో గెస్నరు పండితుడు దానిని పక్షులగ్రంథముననే చేర్చెను. 1758లో లిన్నేయసు దానిని కోతులతోను మానవులతోను ఒక్క గణమున నిలిపెను. గ్రుడ్లు పెట్టక పిల్లలను గని పాలిచ్చుటచే నది పక్షి గాదు. చేతివ్రేళ్ల నడుమ సాగిన చర్మమే దానికి ఱెక్క. పాడుగుళ్లలో వ్రేలాడు నీ ప్రాణిని అపశకునమని తఱుముటయే గాని, పురుగులను భక్షించి పైరులకును, విత్తనములను వెదజల్లి వనములకును అది చేయు మేలు నెఱిగినవారు తక్కువ. జెర్డను అట్టి ప్రాణులను గూడ శ్రద్ధతో వర్ణించి, జీవులకు దేశభాషలలోని పేర్లను, తెలుగు పేర్లతో సహా, పొందుపఱచెను.

నెల్లూరు, కడప సీమల కొండప్రాంతములలో నితడు కనుగొన్న కలివికోడిని 1848లో బ్లైతు పండితుడు లోకమునకు దెలిపెను. ఆ పక్షి 1900లో అనంతపురము చెంత పెన్నాలోయలో గనబడి, పిదప అదృశ్యమై, నశించెనని తలపబడెను. 1986లో కడప మండలమున స్థానిక వేటగాని సాయముతో మరల దొరకెను. గ్రంథమున వ్రాసియుంచినందుననే గదా దానిని వెదకుట సాధ్యమైనది!

ఆరోగ్యము క్షీణింపగా స్వదేశమునకు మరలిన జెర్డను, 1872 జూను 12వ తేదీన లండను చెంత దివంగతుడయ్యెను. ఆయన సేకరించిన చర్మములు పురుగులపాలైనను, వ్రాసిన పుటలు మిగిలెను. పుస్తకములను భద్రపఱచువారు జీవులను గూడ భద్రపఱచినవారే.